చూసినది, విన్నది, అనుకున్నది

పెర్త్ శివారు హారిస్‌డేల్‌లో మా అబ్బాయి ఇంటి వెనక, కొత్త ఇళ్ల వరుసలు ఆగిపోయిన చోట, పదో పన్నెండో సరుగుడు చెట్లున్నాయి. ఇళ్లు కట్టినవాళ్లు వాటిని ఎందుకు నరకకుండా వదిలేశారో తెలియదు. మధ్యాహ్నం మూడు దాటాక సముద్రం వైపునుంచి గాలి లేస్తుంది. ఎండకు సొమ్మసిల్లిన ఊరిని తేర్చే గాలి కాబట్టి పెర్త్‌వాళ్లు దాన్ని 'డాక్టర్' అంటారు. ఆ గాలి సరుగుడు ఆకుల్లోంచి దూరి వెళ్లేటప్పుడు, ఎవరో చాలాసేపు బిగబట్టిన ఊపిరిని నెమ్మదిగా వదులుతున్నట్టు ఉంటుంది. నిన్న పెరట్లో కుర్చీ వేసుకుని ఆ శబ్దమే వింటూ ఉండగా, మనవరాలు గ్రేస్ ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని నా పక్కన చతికిలబడింది.

"తాతయ్యా, బాపట్ల బీచ్ ఎలా ఉంటుంది? స్కూల్‌లో అసైన్‌మెంట్. యూ జస్ట్ టెల్ మీ, ఐ విల్ రైట్ ఇట్."

"నువ్వు చూశావా?"

"నో. బట్ యూ హావ్, కదా."

"అయితే తాతయ్య చూశాడని రాయి. నువ్వు చూసినట్టు రాయకు."

"సేమ్ థింగ్, తాతయ్యా!" అంటూ అది లేచి వెళ్లిపోయింది.

ఆ రెండూ ఒకటి కావు. వాటి మధ్య ఎంత దూరం ఉందో నాకు కొలిచి చూపించిన మనిషి ఒకరున్నారు. ఆమె పేరు మిస్ థోర్న్‌లీ. ఇప్పుడు ఈ ఊళ్లో ఆమెను ఎరిగినవారు దాదాపు ఎవరూ మిగల్లేదు. నలభై ఐదేళ్ల కిందట, గుంటూరులో ఇంగ్లీషు ఎమ్మే పూర్తి చేసి ఉపకార వేతనం మీద పెర్త్‌కు చదువుకోవడానికి వచ్చినప్పుడు, ఆమె నాకు ఉపాధ్యాయిని. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు పిన్నులతో బిగించి, ఏ కాలంలోనైనా ఒకే రకం బూడిదరంగు ఉన్ని కోటు వేసుకునేవారు. గంట కొట్టాక తరగతికి వచ్చిన విద్యార్థిని లోపలికి రానిచ్చేవారు గాని, కూర్చోనిచ్చేవారు కాదు. నాకు క్రమం అంటే పుట్టుకనుంచీ ఇష్టం. అందువల్ల తొలి రోజే ఆమెకు నేను తగిన శిష్యుణ్నని నిశ్చయించుకున్నాను. ఆ నిశ్చయం మూడు వారాలు నిలిచింది.

ఆమె మాకు బోధించినది ఇంగ్లీషు ఎమ్మే చదివినవారందరూ ఎరిగిన నవలే. ఉత్తర ఇంగ్లండులో, చెట్టు మొలవని ఎత్తైన బీడు మీద రెండు ఇళ్లు, ఆ ఇళ్ల మధ్య రెండు తరాలు సాగిన ప్రేమా, పగా. ఆ బీడు భూమిని వర్ణిస్తూ వ్యాసం రాయమన్నారు. నేను ఆరు పేజీలు రాశాను. దస్తూరీలో ఒక్క కొట్టివేత లేదు. గుంటూరులో మా లెక్చరరుగారు చెప్పి రాయించిన నోట్సు నాకు అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం. ఊదారంగు పూలు, ఊళపెట్టే గాలి, మంచులో తలలూపే పొదలు, అన్నీ వరుస తప్పకుండా పేర్చాను. మూడో వారంలో ఆ వ్యాసం సున్నతో తిరిగి వచ్చింది. అంతవరకు నా జీవితంలో ఎవరూ నాకు సున్న వేయలేదు. ఉపకార వేతనం నిలవాలంటే ఎన్ని మార్కులు రావాలో నాకు తెలుసు. నేరుగా ఆమె గదికి వెళ్లి నిలబడ్డాను.

"మిస్టర్ ప్రభాకర్, మీరు జనవరిలో పూలు పూయించారు," అన్నారు తలెత్తకుండానే. "అవి ఆగస్టులో పూస్తాయి. ఈ వర్ణన ఎక్కడిది?"

"మా లెక్చరరుగారి నోట్సులోది, మేడమ్."

"ఆయన ఎప్పుడు వెళ్లారు అక్కడికి?"

"వెళ్లలేదు, మేడమ్. ఆయనకు వారి గురువుగారు చెప్పారు."

"ఆయన?"

"ఆయనా వెళ్లలేదు."

మిస్ థోర్న్‌లీ అప్పుడు తలెత్తారు. కోపగిస్తారనుకున్నాను. కోపం కన్న కుతూహలమే ఎక్కువగా కనిపించింది. "అంటే ముగ్గురు పెద్దమనుషులు వరుసగా ఒకరి భుజం మీదుగా ఒకరు చూసి, మా ఊరిని వర్ణించారన్నమాట," అని, ఒక కొత్త నోటుబుక్కు తీసి, స్కేలు పెట్టి పేజీని నిలువుగా మూడు గళ్లు చేశారు. మొదటి దాని పైన 'చూసినది', రెండో దాని పైన 'విన్నది', మూడో దాని పైన 'అనుకున్నది' అని రాశారు. "మీ ఆరు పేజీల్లోని ప్రతి వాక్యాన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదానిలో సర్దండి. సర్దాక మొదటి గడిలో ఏమైనా మిగిలితే, దానికి మార్కులు వేస్తాను."

వారం రోజులు సర్దాను. మొదటి గడిలో ఒక్క వాక్యమూ మిగల్లేదు. అప్పట్లో నాతో గది పంచుకున్నవాడు హైదరాబాదు నుంచి ఫార్మసీ చదవడానికి వచ్చిన కరీం. మంచం మీద పడుకుని నా అవస్థ చూస్తూ వాడు పడీపడీ నవ్వాడు. "ఏం మియా, చూడని జాగ గురించి ఆరు పేజీలు రాసినవా? నేను గిట్ల మందుల గురించి రాస్తే మనుషులు సచ్చిపోతరు!"

ఆ నెలాఖరున మిస్ థోర్న్‌లీ తరగతి మొత్తాన్ని ఊరికి ఉత్తరంగా, సముద్రానికి దగ్గరగా ఉన్న ఇసుక మైదానానికి బస్సులో తీసుకువెళ్లారు. అక్కడా చెట్లు లేవు. మోకాటి ఎత్తున గట్టి ఆకుల పొదలు నేలను పట్టుకుని మైళ్ల కొద్దీ పరుచుకున్నాయి, గాలి వాటి తలల్ని ఒకే వైపుకు దువ్వి పెట్టింది. తాను పుట్టిన బీడుకు ఈ దేశంలో దొరికిన అతి దగ్గరి బంధువు ఇదేనని, మొక్కలు వేరైనా గాలి పెట్టే బాధ ఒకటేనని ఆమె చెప్పారు. ఒక్కొక్కరినీ యాభై అడుగుల దూరంలో నిలబెట్టి, గంటసేపు మాట్లాడకుండా ఉండి చూసినది రాయమన్నారు. నేను నిటారుగా నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డా ఏమీ తోచలేదు. చివరికి ఆమె నా దగ్గరికి వచ్చి, "మీకు బాగా తెలిసిన గాలి ఏది?" అని అడిగారు.

"బాపట్ల దగ్గర సరుగుడు తోటల్లో గాలి, మేడమ్. మా నాన్నగారు అక్కడ పాస్టరుగా ఉండేవారు."

"అయితే దానితో మొదలుపెట్టండి. దీనికీ దానికీ తేడా ఏమిటో అది రాయండి. తేడా చెప్పాలంటే రెంటినీ చూడక తప్పదు."

ఆ రోజు నేను రాసినవి పదకొండు వాక్యాలు. పదకొండూ మొదటి గడిలో ఉన్నాయి. వాటికి ఆమె వేసిన మార్కులు ఇక్కడ చెప్పడం గొప్పలకు పోవడం అవుతుంది. ఆ తరవాతనుంచి శనివారం మధ్యాహ్నాలు ఆమె ఇంటికి వెళ్లి పుస్తకాల అలమరాలు సర్దిపెట్టే పని నాకు దక్కిందని మాత్రం చెబుతాను. అద్దె ఇల్లు, సున్నపురాతి గోడలు, పడమటి వైపు ఒక కిటికీ. అక్కడే ఆమె కథ కొంచెం కొంచెంగా తెలిసింది.

ఆమె పుట్టింది ఆ నవల పుట్టిన బీడు మీదే, లార్క్ ఎండ్ అనే రాతి ఇంట్లో. తండ్రి కౌలు రైతు, గొర్రెలు మేపేవాడు. నవల చదివినవాళ్లు ఆ ఇళ్లు ఎక్కడున్నాయో చూడాలని ఎక్కడెక్కడినుంచో వచ్చేవారట. "మా లోయలో మూడు ఇళ్లు, నవలలోని ఇల్లు మాదంటే మాదని బోర్డులు పెట్టుకున్నాయి. మా నాన్నదీ ఒకటి. పక్కవాడు బోర్డుకు కొత్త రంగు వేస్తే, మరునాడు మా నాన్నా వేసేవాడు," అని ఆమె ఒకసారి నవ్వారు. ఆమె నవ్వడం నేను చూసిన నాలుగైదు సార్లలో అదొకటి. నిజానికి ఆ ముగ్గురిలో ఎవరి మాటా నిజం కాదు. కొండ మీద ఒంటరిగా ఉన్న ఒక ఇంటినుంచి స్థలాన్ని, ఎప్పుడో కూల్చివేసిన మరో పెద్ద భవంతినుంచి చెక్కడాల గుమ్మాన్ని, లోయలోని ఇంకొక ఇంటినుంచి పుస్తకాల గదిని తీసుకుని రచయిత్రి తన ఇళ్లను కట్టుకుందని పండితులు అనుకుంటారు. "అనుకుంటారు," అని ఆమె ఆ మాటను ఒత్తి పలికి, వేలితో గాల్లో మూడో గడిని చూపేవారు.

ఆమెకు పదకొండేళ్ల వయసులో, కింద లోయలో కట్టిన జలాశయంలోకి పశువుల మురికి దిగకూడదని నీటి శాఖవారు ఆ కొండను కొన్నారు. కౌళ్లు పొడిగించలేదు. తండ్రి కుటుంబాన్ని ఓడ ఎక్కించి పశ్చిమ ఆస్ట్రేలియాకు తెచ్చాడు. చెట్టన్నదే లేని చోటునుంచి వచ్చినవాడికి ఇక్కడ చెట్లు కొట్టి సాగు చేసుకోమని అడవిని ఇచ్చారు. ఆ అడవి పనే అతన్ని మింగింది. తల్లిని కూతురే చివరిదాకా చూసుకుంది. మిస్ థోర్న్‌లీ మళ్లీ ఆ దేశం వెళ్లలేదు. అలమరా సర్దుతూ, మీ ఇల్లు ఇప్పుడెలా ఉంటుందని నేనొకసారి అడిగితే, "తెలియదు. నా మొదటి గడి పదకొండేళ్ల వయసులో ఆగిపోయింది," అన్నారు.

ఆ ఏడాది డిసెంబరు సెలవులకు నాకు ఇంగ్లండు ప్రయాణం కలిసివచ్చింది. మా సుశీలక్క యార్క్‌షైర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉండేది. తన పెద్ద కొడుకు బాప్తిస్మానికి రమ్మని టికెట్టు పంపింది. అక్క ఉన్న ఊరినుంచి ఆ బీడుకు బస్సులో గంటన్నర దారి. ఈ సంగతి చెప్పగానే మిస్ థోర్న్‌లీ సొరుగు లాగి ఒక కాగితం తీశారు. దాని మీద పటం గీశారు. నవలలోని ఇంటి స్థలమని అందరూ చెప్పుకునే శిథిలం, అక్కడినుంచి గోడ వెంట దారి, వాగు, రాతిపలక వంతెన, లార్క్ ఎండ్. "గుమ్మం లోపల ఎడమ చేతి వైపు గోడకు ఒక ఇనప కొక్కెం ఉండేది. మా అమ్మ లాంతరు తగిలించేది. పొలంనుంచి వచ్చే నాన్నకు ముందుగా కనిపించేది అదే. అది ఉందో లేదో చూసి, నాకు ఉత్తరం రాయండి," అన్నారు. అంతకు ముందెన్నడూ ఆమె నన్ను ఏదీ అడగలేదు.

జనవరి మొదటి వారంలో అక్క బూట్లు తొడుక్కుని ఒక్కణ్నే ఆ కొండ ఎక్కాను. ఊదారంగు పూలు ఒక్కటి లేవు. నేలంతా నల్లగా, తడిసిన కంబళిలా ఉంది. అడుగు వేసిన చోటల్లా నీరు ఊరింది. గోడల నీడల్లో మాత్రం మంచు మిగిలింది. బాపట్ల గాలికి ఆకులున్నాయి, చెప్పుకోవడానికి గొంతు ఉంది. ఇక్కడి గాలికి పట్టుకోవడానికేమీ లేక నా చెవుల్నే పట్టుకుంది. ప్రసిద్ధమైన ఆ శిథిలం దగ్గర ఒక ఫలకం ఉంది. ఇల్లు నిండుగా ఉన్న రోజుల్లో కూడా అది నవలలోని ఇంటిని పోలి ఉండేది కాదనీ, రచయిత్రి మనసులో ఉన్నది ఈ స్థలం మాత్రమే కావచ్చనీ దాని సారాంశం. రాతి మీద అంత నిజాయితీగా చెక్కినవారిని మనసులోనే మెచ్చుకుని, పటం చూసుకుంటూ గోడ వెంట నడిచాను.

వాగు ఉంది. రాతిపలక ఉంది. లార్క్ ఎండ్ లేదు. పైకప్పు ఎప్పుడో కూలిపోయింది; నాలుగు గోడల్లో రెండు నడుము ఎత్తున మిగిలాయి. ఆమె పడుకునే మేడ మీది గది ఉండవలసిన చోట ఆకాశం ఉంది. వంటగదిలో, మనిషి నిలబడేంత పెద్ద రాతి పొయ్యిలో గొర్రెలు గాలికి ఒదిగి నిలబడి నన్ను చూశాయి. గుమ్మం రాళ్లు మాత్రం పక్కనున్న కాస్త గోడతో సహా తలెత్తున నిలిచే ఉన్నాయి. లోపలికి అడుగుపెట్టి ఎడమ చేతి వైపు చూశాను. కొక్కెం ఉంది. తుప్పు పట్టి, గోడలోకి ఒరిగి, గట్టిగా ఉంది. చేతి తొడుగు తీసి దాన్ని పట్టుకున్నాను. ఆ చల్లదనం మోచేతి దాకా పాకింది. నోటుబుక్కు తెరిచి తేదీ వేశాను, మూడు గళ్లు గీశాను. వేళ్లు కొంకర్లు పోయాయని నాకు నేను చెప్పుకుని, రాయకుండానే మూసేశాను. వేళ్లు కొంకర్లు పోయిన మాట నిజమే. కారణం మాత్రం అది కాదు.

ఆ సాయంత్రం జరిగినది విని సుశీలక్క చేతిలోని గరిటె ఆపేసింది.

"ఒరేయ్ ప్రభా, ఆ పెద్దావిడకి ఉన్నదున్నట్టు రాస్తావా ఏంది? ఒంటరి మనిషి. గుండాగి చస్తే ఆ పాపం నీదేనా?"

"ఆమె అడిగింది చూసి రాయమని, అక్కా."

"అడుగుద్ది. అడిగిన వాళ్లందరికీ చెప్పేస్తామా? ఇల్లు కూసింత పాతబడింది, అంతే. అట్టా రాయి. తర్వాత్తర్వాత మెల్లగా తెలుసుకుంటది. మనోళ్లు ఎప్పుడైనా ఒక్కసారిగా చెప్పారా?"

మనవాళ్లు ఎప్పుడూ ఒక్కసారిగా చెప్పరు. మరణాన్ని జబ్బుగా, జబ్బును నలతగా తగ్గించి చెప్పడం మా ఇళ్లలో అబద్ధం కింద లెక్క కాదు, అది మర్యాద. ఆ మర్యాదలో పెరిగిన నేను ఆ రాత్రే ఉత్తరం రాశాను. ఇల్లు నిలిచే ఉందనీ, కొంత పాతబడిందనీ, పైకప్పుకు అక్కడక్కడ మరమ్మతు అవసరమనీ, తలుపు పక్కన కొక్కెం అలాగే ఉందనీ. ఆ ఉత్తరంలో నిజం చివరి ముక్క ఒక్కటే.

ఫిబ్రవరిలో పెర్త్‌కు తిరిగివచ్చిన శనివారం ఆమె ఇంటికి వెళ్తే అలమరాలు ఖాళీగా ఉన్నాయి. నేను విషయాల వారీగా సర్దిన పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లో ఉన్నాయి. మిస్ థోర్న్‌లీ జుట్టులో దుమ్ము ఉంది, ముఖం వెలుగుతోంది. ఆ ఏడే ఆమె పదవీ విరమణ. లార్క్ ఎండ్‌ను అద్దెకు ఇమ్మని నీటి శాఖకు ఉత్తరం రాశారట. జవాబు రాకముందే ఏప్రిల్‌కు ప్రయాణం పెట్టుకున్నారు, ఈ ఇంటిని ఖాళీ చేస్తానని యజమానికి చెప్పేశారు. "మరమ్మతే కదా! మా నాన్న కప్పు మీద పలకరాళ్లు పేర్చడం నాకు గుర్తుంది," అన్నారు. నేను పెట్టెలకు తాళ్లు కట్టి వచ్చేశాను. ఆ తరవాతి శనివారం కూడా కట్టాను.

కరీంకు చెప్పాను. వాడు ఈసారి నవ్వలేదు. "ఇగో చూడు భాయ్, గా ఇల్లు కట్టింది నువ్వే. మేస్త్రీవి నువ్వే. కూలగొట్టాల్సింది కూడా నువ్వే. ఆమె గాడికి పోయి గొర్రెల్ని చూసినంక తెలిస్తే ఏమైతది, ఆలోచించినవా?"

మూడో శనివారం నోటుబుక్కు జేబులో పెట్టుకుని వెళ్లాను. నేను నోరు తెరిచేలోగా ఆమే, "మీ నోటుబుక్కు తెచ్చారా? ప్రయాణానికి ముందు మీ మూడు గళ్లు ఒకసారి చూడాలి. ఏ వైపు పలకలు పోయాయో తెలిస్తే మంచిది," అన్నారు. తీసి ఇచ్చాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీకి వచ్చారు. తేదీ ఉంది. మూడు గళ్లూ ఉన్నాయి. వాటిలో ఏమీ లేదు.

"ఇది ఎందుకు ఖాళీగా ఉంది, మిస్టర్ ప్రభాకర్?"

"రాస్తే, రాసినదే మీకు పంపాల్సి వచ్చేది, మేడమ్."

ఆమె చదువుతున్నట్టు ఆ ఖాళీ పేజీ వైపు చూస్తూనే, "పైకప్పు?" అన్నారు.

"లేదు."

"మేడ మీది గది?"

"లేదు, మేడమ్. వంటగదిలో గొర్రెలున్నాయి."

గాలికి పడమటి కిటికీ రెక్క ఒకటి కొట్టుకుంటోంది. ఆమె లేచి దానికి గొళ్లెం పెట్టి వచ్చి కూర్చున్నారు. ఎందుకిలా చేశారని అడిగినప్పుడు, నా దగ్గర ఉన్న ఒక్క జవాబు చెప్పాను. గుంటూరు హాస్టల్లో ఉండగా నాన్నకు ఒంట్లో బాగాలేదు, వెంటనే రమ్మని బాబాయి తంతి ఇచ్చాడు. జబ్బు మనిషి దగ్గరికి వట్టి చేతులతో వెళ్లకూడదని దారిలో బత్తాయిలు కొన్నాను. ఇంటి ముందు జనం. నాన్న అంతకు ముందు రోజే పోయారు. నేను కంగారుపడతానని అలా రాశామన్నారు.

"ఆ బత్తాయిలు ఏం చేశారు?"

అంత మందిలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. "పట్టుకునే నిలబడ్డాను, మేడమ్. తరవాత ఎవరో సంచి తీసుకుని, వచ్చినవాళ్లకు రసం తీసి ఇచ్చారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు."

"మీకు కోపం రాలేదా?"

"వచ్చింది. ఇప్పటికీ ఉంది."

"అయినా నా చేతికి ఒక సంచి ఇచ్చారు," అన్నారామె. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది. కలం తీసి నా ముందు పెట్టారు. "ఇప్పుడు రాయండి."

ఆమె చూస్తుండగా మొదటి గడిలో రాశాను. పైకప్పు లేదు. రెండు గోడలు నడుము ఎత్తు. పొయ్యిలో గొర్రెలు. గుమ్మం రాళ్లు నిలిచి ఉన్నాయి. ఎడమ వైపు ఇనప కొక్కెం ఉంది. చివరి వాక్యం దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఇది? ఇది కూడా బత్తాయేనా?"

"కాదు, మేడమ్. నేను చేత్తో పట్టుకున్నాను." నా మాట నాకే బోలుగా వినిపించింది. ప్రమాణం చేయబోయాను; ఆమె చెయ్యెత్తి వారించారు. ఇంటికి పైకప్పు కట్టి పంపినవాడు, ఒక కొక్కెం కట్టి పంపలేడా? ఆ ఉత్తరంలో ఉన్న ఒకే ఒక్క నిజాన్ని నా చేతులతో నేనే పనికిరాకుండా చేశానని అప్పుడు తెలిసింది. అంతవరకు నేను చేసిన తప్పు లేని ఇంటిని ఉందనడమేననుకున్నాను. ఉన్నదాన్ని నమ్మలేకుండా చేయడం అంతకన్న పెద్ద తప్పు. మిస్ థోర్న్‌లీ సొరుగులోంచి తన సొంత నోటుబుక్కు తీశారు. అందులోనూ ప్రతి పేజీకీ మూడు గళ్లు. రెండో గడిలో, 'విన్నది' కింద, 'కొక్కెం' అని ఒకే మాట రాసి మూసేశారు. "మీ మొదటి గడి మీది. నాకు మాత్రం ఇది ఇంతే," అన్నారు. తరవాత ఇద్దరం కలిసి పెట్టెలు విప్పి పుస్తకాలను మళ్లీ అలమరాల్లో పెట్టాం. ఆ పని పూర్తయ్యేసరికి పొద్దుగుంకింది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర, "వచ్చే శనివారం రండి," అన్నారు. ఆ మాట నాకు ఏ పట్టా కన్న ఎక్కువ.

ఆమె ప్రయాణం మానలేదు. ఉండిపోవడానికని తీసుకున్న టికెట్టును వెళ్లి రావడానికి మార్చుకున్నారు. మే నెలలో నాకు ఒక పోస్టుకార్డు వచ్చింది. ముందు వైపు ఆ ప్రసిద్ధ శిథిలం బొమ్మ. వెనక వైపు కలంతో గీసిన మూడు నిలువు గళ్లు. రెండో గడిలో 'కొక్కెం' అన్న మాట కొట్టివేసి ఉంది. మొదటి గడిలో అదే మాట, కొంచెం పెద్ద అక్షరాలతో ఉంది. మూడో గడిలో ఏమీ లేదు. సంతకం కూడా లేదు. ఆ కార్డు పట్టుకుని నేను గది మధ్యలో అలాగే నిలబడిపోతే, కరీం లాక్కుని చూసి, "ఇదేం ఉత్తరం మియా, లెక్కల పరీక్షనా?" అన్నాడు.

ఆమె తిరిగివచ్చాక అక్కడ ఏం చూశారని అడిగాను. "మీరు చూశారు కదా. మళ్లీ నేనెందుకు చెప్పడం?" అన్నారు. ఆ తరవాత నేను పట్టా తీసుకుని, గోధుమ పొలాల మధ్య ఒక చిన్న ఊళ్లో బడి పంతులుగా చేరి ముప్ఫై ఏళ్లు పనిచేశాను. నా దగ్గర చదివిన పిల్లలందరూ పేజీని మూడు గళ్లు చేసే నేర్చుకున్నారు, తిట్టుకుంటూనైనా. ఇప్పుడు మా సంఘంలో ఎవరికైనా ఇండియానుంచి చెడ్డ కబురు వస్తే, అది చెప్పడానికి నన్నే పంపుతారు. "అంకుల్, మీరైతే చెప్పగలరు," అంటారు. కొందరు నా వెనక నన్ను కఠినుడంటారు, అదీ నాకు తెలుసు. నేను వెళ్తాను, వాళ్లను కూర్చోబెడతాను, పోయారంటే పోయారనే చెబుతాను. వాళ్లు ఏడ్చేటప్పుడు అక్కడే ఉంటాను. చేతిలో పళ్లు పట్టుకుని మాత్రం ఎవరి గుమ్మమూ ఎక్కను.

నిన్న గ్రేస్ లోపలికి వెళ్లాక నేనూ లేచి, నా పాత నోటుబుక్కు తీసి ఆ పేజీ తెరిచాను. మొదటి గడిలో ఆమె ఎదుట నేను రాసిన వాక్యాలు. పక్కన పిన్నుతో గుచ్చిన పోస్టుకార్డు. మిస్ థోర్న్‌లీ చనిపోయిన ఏడాది, అంత్యక్రియలనుంచి వచ్చి, అంతవరకు ఖాళీగా ఉంచిన మూడో గడిలో నేను ఒక్క వాక్యం రాశాను. ఆ పేజీలో నేను చూడనిదీ, విననిదీ అదొక్కటే. సరైన గడిలోనే ఉంది కాబట్టి ఆమె కొట్టివేయరని నా నమ్మకం. 'ఆమె గుమ్మం లోపలికి వచ్చి, ఎడమ చేతి తొడుగు తీసి, కొక్కేన్ని పట్టుకుని, గొర్రెలు తప్ప ఎవరూ చూడని చోట కాసేపు నిలబడి ఉంటారు.'